కవలలున్న అమ్మానాన్నలూ, 'సపోర్ట్ ప్యాకేజీ'కి డబ్బు కట్టేముందు ఇది చదవండి

మీ ఇంట్లో కవలలు పుట్టబోతుంటే ఇది పగలు, తీరిగ్గా ఉన్నప్పుడే చదివేయండి. ఎందుకంటే ఇలాంటి ప్యాకేజీలు మనం పగలు కొనం. రాత్రి మూడింటికి, ఒకరు భుజం మీద, ఒకరు ఒళ్లో ఉండగా, ఖాళీగా మిగిలిన ఒక్క బొటనవేలితో కొంటాం. నేను అలాగే కొన్నాను. కొన్నాళ్లకు మా ఆవిడ "ఇంతకీ ఇది కొన్నది నువ్వా, నేనా?" అని అడిగితే నాకూ వెంటనే గుర్తు రాలేదు. ఆర్డర్ తీసి చూస్తే టైం 3.12 అని ఉంది. అకౌంట్ నాది.

మాకు ఒక బాబు, ఒక పాప. 35 వారాలకే పుట్టారు. కవలల్లో సగం మందికి పైగా 37 వారాలు నిండకముందే వచ్చేస్తారు కాబట్టి అందులో వింతేమీ లేదు. ఆ 35 అనే అంకె మాత్రం గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను. కొత్తలో ఒక బిడ్డకు రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు పట్టాలి. ఇద్దరికీ కలిపి 16 నుంచి 24 సార్లు. ఒక్కోసారికి అరగంట వేసుకున్నా రోజులో 8 నుంచి 12 గంటలు దానికే పోతాయి. మిగతా టైంలో డైపర్లు, తేన్పు తెప్పించడాలు, సీసాలు మరిగించడాలు, బట్టలు. "పిల్లలు పడుకున్నప్పుడు మీరూ ఓ కునుకు తీయండి" అని సలహా ఇచ్చేవాళ్లు ఒక్కరిని పెంచినవాళ్లు. ఒకరు పడుకున్నప్పుడు రెండోవాళ్లు ఏం చేస్తుంటారో వాళ్లకు తెలియదు.

సరిగ్గా ఆ స్థితిలో ఫోన్‌లో ఒక ప్రకటన కనిపించింది. కవలల తల్లిదండ్రుల కోసమే తయారుచేసిన సపోర్ట్ ప్యాకేజీ అట. మీ నాలుగు చేతులు చాలడం లేదు కదా, ఐదో చెయ్యి మేం ఇస్తాం అన్నట్టు రాశారు. నేను ఆ మాటకే పడిపోయాను. మా పిల్లలకే ప్రత్యేకంగా తయారుచేసే నిద్ర ప్లాన్, 24 గంటలూ మెసేజ్ చేయగల కోచ్, మిగతా కవలల తల్లిదండ్రులతో ఒక గ్రూప్, వీటికి తోడు ఇంటికి వచ్చే ఒక పెద్ద పెట్టె. 21 రోజుల్లో ఇద్దరూ ఒకే టైంకి పడుకోకపోతే డబ్బు వాపస్. ఎంత కట్టానో రాయడానికి మొహమాటంగా ఉంది. ఆ డబ్బుతో ఇద్దరికీ మూడు నెలల డైపర్లు వచ్చేవి, అంతే చెప్పగలను.

వాళ్ల పేరు చెప్పడం లేదు. ఇలాంటివాళ్లు పేరు మార్చుకుని మళ్లీ వస్తారు, తీరు మాత్రం మారదు. తీరు చెబుతాను.

'మా పిల్లలకే ప్రత్యేకంగా' తయారైన ప్లాన్ డబ్బు కట్టిన నాలుగు నిమిషాల్లో వచ్చింది. రెండో పేజీలో "మీ ఇద్దరు అమ్మాయిలూ" అని ఉంది. ఫారంలో బాబు, పాప అని నేనే నింపాను. ఎవరో తొందరలో తప్పు రాసి ఉంటారులే అని నవ్వుకున్నాం. పెట్టెతో పాటు మా పిల్లలు ఐడెంటికల్ కవలలో కాదో తేల్చే డీఎన్‌ఏ పరీక్షకు డిస్కౌంట్ కూపన్ కూడా వస్తుందని అదే ప్లాన్‌లో రాశారు. ఒకే అండం రెండుగా చీలి పుట్టేవాళ్లు ఐడెంటికల్ కవలలు. మాకు ఒకరు బాబు, ఒకరు పాప. ఆ పరీక్ష డైపర్ మార్చిన మొదటి రోజే అయిపోయింది. నిజం చెప్పాలంటే ఇద్దరూ అమ్మాయిలో, ఇద్దరూ అబ్బాయిలో అయినవాళ్లకు ఆ పరీక్షతో పని ఉంటుంది. మాయలు (ప్లాసెంటాలు) రెండు ఉంటే ఐడెంటికల్ కాదని చాలామంది అనుకుంటారు కానీ ఐడెంటికల్ కవలల్లో దాదాపు మూడోవంతు మందికి మాయలు విడివిడిగానే ఉంటాయి. కాకపోతే మా ఇద్దరిలో ఎవరు ఎవరో కూడా చూడనివాళ్లు మాకు నిద్ర ప్లాన్ ఎలా రాశారన్నది అప్పుడే తట్టాల్సింది. తట్టలేదు.

రెండో రోజు వాళ్ల దగ్గర్నుంచి ఒక మెసేజ్. ఐదు స్టార్ల రివ్యూ రాస్తే ఒక నెల ఉచితం. రాశాను. దాని సంగతి చివర్లో చెబుతాను.

ఇప్పుడు 35 దగ్గరికి వద్దాం. ప్లాన్ ప్రకారం నాలుగు నెలలు దాటిన పిల్లలకు రాత్రి పాలు అవసరం లేదు, మెల్లగా మానిపించి ఎనిమిది గంటలు ఏకధాటిగా పడుకోబెట్టాలి. పుట్టిన తేదీ ప్రకారం మావాళ్లకు అప్పటికి నాలుగు నెలలు దాటాయి. కానీ ఐదు వారాలు ముందే వచ్చారు. ఆ ఐదు వారాలు తీసేస్తే ఇంకా మూడు నెలలు నిండనట్టు లెక్క. దీన్ని డాక్టర్లు కరెక్టెడ్ ఏజ్ అంటారు. నెలలు నిండకుండా పుట్టినవాళ్ల ఎదుగుదలను సాధారణంగా రెండేళ్లు వచ్చేదాకా ఈ లెక్కతోనే చూస్తారు. వాళ్ల ఫారంలో ఎన్ని వారాలకు పుట్టారనే ప్రశ్నే లేదు. కవలల కోసమే అని అమ్మే చోట ఆ ప్రశ్న లేకపోవడం చిన్న పొరపాటు కాదు, అసలు ఆ ఒక్కదాన్ని బట్టే వదిలేయాల్సింది.

మేం వారం రోజులు ఆ ప్లాన్ పాటించాం. రాత్రి ఏడుపులు విన్నాం, గడియారం చూసుకున్నాం, చెప్పినట్టే ఓర్చుకున్నాం. తర్వాత తూకం వేయిస్తే బాబు బాగానే ఉన్నాడు, పాప బరువు పెరగడం దాదాపు ఆగిపోయింది. పిల్లల డాక్టర్ కోప్పడలేదు. "ఎవరు ఆపమన్నారు?" అని మాత్రం అడిగారు. మా ఆవిడ నా వైపు చూసింది. ఆ రాత్రి నుంచే మళ్లీ పాలు మొదలుపెట్టాం, రెండు వారాల్లో పాప కోలుకుంది. ఆ రెండు వారాల టెన్షన్‌కు రిఫండ్ లేదు.

పెట్టె సంగతి ఇంకా భయంకరం. అందులో రెండు చిన్న దిండ్లు ఉన్నాయి. ఒక్కోదానికి పాల సీసాను పట్టి ఉంచే పట్టీ. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, దిండును గుండెల మీద పెట్టి, సీసా నోట్లో పెడితే ఎవరూ పట్టుకోకుండానే తాగుతారన్నమాట. ఐదో చెయ్యి అంటే ఇదే. ఇద్దరూ ఒకేసారి ఏడుస్తుంటే ఆ దిండు ఎంత ఆశగా కనిపిస్తుందో నాకు తెలుసు, అందుకే ఇది కొనేవాళ్లను తిట్టను. రెండుసార్లు మేమూ వాడాం. రెండోసారి పాపకు పొలమారింది. పాలు వస్తూనే ఉన్నాయి, తల తిప్పి తప్పించుకోవడం రాదు, సీసా పక్కకు నెట్టడం రాదు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి లాగేశాను. గదిలో లేకపోతే అన్న ఆలోచన ఇప్పటికీ వెంటాడుతోంది. పాలు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా రావచ్చు, ఊపిరే ఆడకపోవచ్చు. బ్రిటన్‌లో వస్తువుల భద్రత చూసే ప్రభుత్వ విభాగం 2022 డిసెంబర్‌లోనే ఇలాంటి దిండ్లు వాడటం తక్షణం ఆపి పారేయమని హెచ్చరించింది, అమ్మేవాళ్లను వెనక్కి తీసుకోమంది. ఇది నాకు తెలిసింది మాత్రం పొలమారిన తర్వాత. మీ దగ్గర ఉంటే ఎవరికీ ఇచ్చేయకండి, సెకండ్ హ్యాండ్‌లో అమ్మకండి. కోసి చెత్తలో వేయండి. మేం అదే చేశాం.

అదే పెట్టెలో ఇద్దరినీ కలిపి పడుకోబెట్టే మెత్తటి పరుపు లాంటిది ఒకటి ఉంది, తలవైపు ఎత్తుగా, చుట్టూ దూది అంచులతో. కడుపులో కలిసి ఉన్నవాళ్లు కలిసి పడుకుంటేనే హాయిగా ఉంటారని దాని మీద రాశారు. వినడానికి బాగుంటుంది. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2022లో ఇచ్చిన సూచనలు మాత్రం కవలలను కూడా విడివిడిగా, గట్టి, చదునైన పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టమంటాయి. 10 డిగ్రీలకు మించి వాలుగా ఉండే పిల్లల పడకలను అమెరికా అదే ఏడాది చట్టం చేసి నిషేధించింది. మేం దాన్ని ఒక్కరోజూ వాడలేదు, గుడ్డిలో మెల్ల.

24 గంటల కోచ్ గురించి రాయాలంటే చేయి వణుకుతుంది. మొదట్లో జవాబులు నిమిషంలోపే వచ్చేవి. ఏం అడిగినా "మీరు అద్భుతంగా చేస్తున్నారు" అనే మొదలయ్యేవి. మనిషి రాసేవి కావని మూడో రోజుకే అర్థమైంది. ఒక రాత్రి మా ఆవిడ నాకు చెప్పకుండా అందులో రాసింది, నాకు ఏడుపు ఆగట్లేదు, పిల్లలను ఎత్తుకోవాలంటే భయమేస్తోంది అని. జవాబుగా ప్రీమియం ప్లాన్ లింకు వచ్చింది. ఇది నేను నెల తర్వాత ఆ చాట్ చూసినప్పుడే తెలిసింది. నా పక్కనే పడుకున్న మనిషి నాతో చెప్పుకోలేనిది ఒక మెషిన్‌కు చెప్పుకుంటే, అది తనకు సరుకు అమ్మింది.

అలాంటి మాట మీ ఇంట్లో ఎవరి నోటి నుంచి వచ్చినా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ప్రసవం తర్వాత డిప్రెషన్ కవలల తల్లుల్లో ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది, తండ్రులకూ వస్తుంది. మా డాక్టర్ ఒక కాగితం ఇచ్చి నింపమన్నారు. ఎడిన్‌బరో ప్రశ్నావళి అంటారు, 1987 నుంచి వాడుకలో ఉంది, గడిచిన ఏడు రోజుల గురించి పది ప్రశ్నలు, ఐదు నిమిషాల పని. ఆ పది ప్రశ్నలు నెలల తరబడి మాకు వచ్చిన మెసేజీలన్నిటికంటే ఎక్కువ పనికొచ్చాయి.

ఇక రిఫండ్. 21 రోజుల గ్యారంటీ కావాలంటే 21 రోజులూ ఇద్దరి నిద్రను ప్రతి పావుగంటకూ యాప్‌లో నమోదు చేసి ఉండాలట. షరతుల్లో ఎక్కడో కింద రాశారు. అంత ఓపిగ్గా నమోదు చేయగలిగేవాళ్లకు ఆ ప్యాకేజీయే అక్కర్లేదు. గ్రూప్‌లో ఈ సంగతి అడిగితే పది నిమిషాల్లో నా పోస్ట్ మాయమైంది, మర్నాడు నేనూ మాయమయ్యాను. ఉచిత నెల అయ్యాక డబ్బు మళ్లీ దానంతట అదే కట్ అయింది. బ్యాంకుకు చెప్పి ఆపించడానికి ఇంకో నెల పట్టింది.

మాకు నిజంగా పనికొచ్చిన తోడు చాలా మామూలుది. "ఏదైనా సాయం కావాలంటే చెప్పండి" అనేవాళ్లకు అంతవరకూ "పర్లేదండీ" అనేవాళ్లం. తర్వాత ఫ్రిజ్ మీద పనుల చీటీ అంటించాం. సీసాలు కడగడం, ఉతికిన బట్టలు మడవడం, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఒకరిని ఎత్తుకోవడం. వచ్చినవాళ్లు చీటీ చూసి తమకు చేతనైనది చేసి వెళ్లేవాళ్లు. మా పిన్ని వారానికి రెండు సాయంత్రాలు తీసుకుంది, ఆ రెండు సాయంత్రాలే మమ్మల్ని నిలబెట్టాయి. ఇంకో చిన్న విషయం: ఎవరికి మందు వేశారో, ఎవరికి పాలు పట్టారో నోట్‌బుక్‌లో రాయండి. చేతులు మారుతున్నప్పుడు ఒకరికే రెండుసార్లు మందు పడే ప్రమాదం కవలల ఇంట్లో నిజంగా ఉంది. ఒకరు లేచినప్పుడు రెండోవాళ్లను కూడా లేపి పాలు పట్టేయమని నర్స్ చెప్పింది. నిద్రపోతున్న బిడ్డను లేపడానికి ప్రాణం ఒప్పలేదు కానీ మాకు వరసగా మూడు గంటల నిద్ర దక్కింది దానివల్లే.

డబ్బు పెట్టి కొనకుండా దొరికే తోడు చాలా చోట్ల ఉంది. అమెరికాలో కవలల తల్లుల క్లబ్బులు కలిసి 1960లో ఏర్పడిన సంస్థ నేటి మల్టిపుల్స్ ఆఫ్ అమెరికా. బ్రిటన్‌లో ట్విన్స్ ట్రస్ట్ 1978 నుంచి ఉంది. 1973లో అక్కడి లెస్టర్ నగరంలో మొదలైన హోమ్-స్టార్ట్ లాంటి సంస్థలు ఏకంగా వాలంటీర్‌నే ఇంటికి పంపుతాయి. ఇవేవీ అందుబాటులో లేకపోయినా, ప్రసవం జరిగిన చోటనే ఈమధ్య కవలలు పుట్టినవాళ్లు ఇంకెవరైనా ఉంటే మా నంబర్ వాళ్లకు ఇవ్వండి అని అడగండి. మాకు అలా ఒక జంట పరిచయమైంది. వాళ్ల పిల్లలు మావాళ్లకంటే ఆరు నెలలు పెద్ద. రాత్రి మూడింటికి మెసేజ్ పెడితే వాళ్లూ మేలుకునే ఉండేవాళ్లు.

ఇంత చెప్పాక కూడా ఏదో ఒకటి కొనాలనిపిస్తే, డబ్బు కట్టేముందు ఎన్ని వారాలకు పుట్టారని వాళ్లు అడిగారో లేదో చూడండి. కోచ్ ఏం చదివారో, పేరేమిటో అడగండి. కొనకముందే ఒకసారి ఫోన్‌లో మనిషితో మాట్లాడించమనండి, కుదరదంటే వదిలేయండి. కార్డ్ వివరాలు సేవ్ చేయకండి. అన్నిటికంటే ముందు, తెల్లారేదాకా ఆగండి.

నా రివ్యూ తీసేయమని మూడుసార్లు రాశాను, జవాబు లేదు. మార్చే వీలు కూడా లేదు. "రెండో రాత్రి నుంచే ఇద్దరూ హాయిగా పడుకుంటున్నారు, మా జీవితమే మారిపోయింది" అన్న మాటలతో ఐదు స్టార్ల రివ్యూ మీకెక్కడైనా కనిపిస్తే అది నాది. అది రాసేటప్పటికి పెట్టె ఇంటికి కూడా రాలేదు.