మ్యాన్ టు మ్యానా, జోనా? పిల్లలకు ముందు ఏది నేర్పాలి

నెల్లూరులో పొద్దున్నే పిల్లల్ని గ్రౌండ్‌కు తీసుకొచ్చే తల్లిదండ్రులు, చుట్టుపక్కల ఊళ్ల పీఈటీలు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: బాస్కెట్‌బాల్ డిఫెన్స్ మ్యాన్ టు మ్యాన్‌తో (ఒక్కొక్కరు ఎదుటి జట్టులో ఒక్కొక్కణ్ణి కాయడం) మొదలుపెట్టాలా, జోన్‌తోనా (ఒక్కొక్కరు కోర్టులో ఒక్కో చోటును కాయడం)?

జోన్ బలం చిన్నది కాదు. 2-3 వేసి, అంటే ముందు ఇద్దర్ని, వెనక ముగ్గుర్ని నిలబెట్టి బుట్ట చుట్టూ కాపలా పెడితే పద్నాలుగేళ్ల లోపు మ్యాచ్‌లు చాలావరకు గెలవొచ్చు. ఆ వయసులో 6.75 మీటర్ల మూడు పాయింట్ల గీత బయటి నుంచి వేయగలిగేవాళ్లు అరుదు. పైగా మనం ఆడేది ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూల్స్‌తో. అమెరికా లీగ్ ఎన్‌బీఏలో మాదిరి, ఎవర్నీ కాయకుండా బుట్ట ముందు మూడు సెకన్లకు మించి నిలబడకూడదనే నిబంధన ఇక్కడ డిఫెన్స్‌కు లేదు కాబట్టి, పొడుగు పిల్లవాణ్ణి బుట్ట కిందే నిలబెట్టొచ్చు. మే నెల ఎండలో సిమెంట్ కోర్టు మీద పరుగూ తగ్గుతుంది. రేపు టోర్నమెంట్ ఉందని ఈరోజు వచ్చి అడిగితే నేనూ జోనే చెప్తాను.

నేర్చుకోవడానికైతే చెప్పను. బుట్ట పడితే అది ఎవరి వల్ల పడిందో పిల్లవాడికి తెలియాలి. నాకు అదే ముఖ్యం. సంక్రాంతి సెలవుల్లో మా పిల్లలు జోన్‌తో రెండు మ్యాచ్‌లు గెలిచి మూడోది ఓడిపోయారు. ఎదుటి జట్టు ఫ్రీ త్రో గీత దగ్గర, మధ్యలోకి బంతి అందించడం మొదలుపెట్టింది. ముందున్న ఇద్దరూ వెనకున్న ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. "ఎవురిది అబ్బయా అది?" అంటే ఐదుగురూ "నా సైడ్ కాదు సార్" అన్నారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు, నేనే వాళ్లకు ఆ మాట నేర్పానని బాధేసింది.

మ్యాన్ టు మ్యాన్‌లో ఆ మాట కుదరదు. నీ మనిషి దాటాడంటే నీ కాళ్లు ఆలస్యమయ్యాయి. కబడ్డీ ఆడిన పిల్లలకు ఇది తొందరగా పట్టుబడుతుంది. కూతకొచ్చినవాడి చేతులు మోసం చేస్తాయి, నడుము చేయదు. ఇక్కడా అంతే, చూపు బంతి మీద కాదు, నడుము మీద. పాదాలు భుజాలకన్నా ఎడంగా పెట్టి, మోకాళ్లు వంచి, కాళ్లు ఒకదాన్నొకటి దాటకుండా జరగాలి. ఎడమకు పోవాలంటే కుడికాలితో నేలను తన్నాలి. వీపు వెనక తువ్వాలు రెండు చేతులతో పట్టించి, 28 మీటర్ల కోర్టంతా వంకరటింకరగా జరిపిస్తాను. చేయి చాపే వీలు లేకపోతేనే కాళ్లు పని నేర్చుకుంటాయి.

దీనిలోనూ ఇబ్బంది ఉంది. నెమ్మదిగా కదిలే పిల్లవాడు అందరి ముందూ దొరికిపోతాడు, కొందరు రావడమే మానేస్తారు. అందుకే మొదట్లో వేగం సమానంగా ఉన్నవాళ్లనే జత చేస్తాను. ఫుల్ కోర్ట్ ప్రెస్ (కోర్టు పొడుగునా వెంటాడి కాయడం), బాక్స్ అండ్ వన్ (నలుగురు జోన్‌లో ఉండి, ఒకడు ఒక్క ఆటగాణ్ణే కాయడం) ఈ వయసుకు అక్కర్లేదు.

తన మనిషిని కాస్తూనే, పక్కవాణ్ణి దాటి వచ్చేవాడికి అడ్డంగా ఒక అడుగు వేయడం వచ్చాక జోన్ పెడతాను. మా వాళ్లకు ఆరు నెలలు పట్టింది. ఇప్పుడు అదే 2-3లో బంతి మధ్యలోకి వస్తే, వెనకున్న పొడుగు అబ్బాయి "నాది, నాది" అని అరుస్తూ ముందుకొస్తున్నాడు.