గురక పెట్టే పెట్టకు ఏది మేలు: మిరియమా, మాత్రా, డాక్టరా, కత్తా?

మాది కావలి పక్క పల్లె. దొడ్లో రెండు పుంజులతో కలిపి పద్నాలుగు నాటుకోళ్లు. పోయిన కార్తీకంలో ముసురు పట్టి నాలుగు రోజులు గూడు ఆరలేదు. ఐదో రాత్రి గూట్లోంచి గురగురమని శబ్దం. తెల్లారేసరికి ఇంట్లో నాలుగు తీర్పులు. మిరియం, వెల్లుల్లి నూరి మింగిస్తే సరి అంది మా అత్త. బజారుకు పోయి క్యాప్సూల్ తెస్తానన్నాడు మా ఆయన. ‘ఆదివారం దాకా ఎందుకు, ఈరోజే కోసెయ్యండి’ అంది పక్కింటక్క. పశువుల డాక్టరు మాట నేనెత్తితే అందరూ నవ్వారు. గేదెకైతే సరే, కోడికి డాక్టరా అని.

నాలుగింటిలో ఏది మేలో తేలాలంటే ముందు ఆ గురక దేనిదో తెలియాలి. నోరు తెరిచిన ప్రతి కోడీ జబ్బుది కాదు. రోహిణి కార్తెలో మన నెల్లూరు ఎండకు ఏ కోడైనా రెక్కలు ఎడం చేసి, నోరు తెరిచి రొప్పుతుంది. కోడికి చెమట పట్టదు, ఒంటి వేడి నోటిగుండా పోవాల్సిందే. ఆ రొప్పుకు శబ్దం ఉండదు, ముక్కు కారదు, పొద్దు వాలి చల్లగాలి తగిలితే తగ్గిపోతుంది. దానికి కావాల్సింది నీడ, చల్లటి నీళ్లు. అలాంటి కోడికీ మాత్రలు మింగించిన వాళ్లను చూశాను.

జబ్బు గురక రాత్రి బాగా వినిపిస్తుంది. కోళ్లన్నీ సద్దుమణిగాక గూటి దగ్గర ఊరికే ఓ పది నిమిషాలు కూర్చుంటే ఏది గురక పెడుతోందో, ఏది తుమ్ముతోందో తెలిసిపోతుంది. తుమ్ములు, గురక, కంటి మూల నురగ ఉండి, తిండి తగ్గినా పూర్తిగా మానకుండా వారాల తరబడి సాగితే అది సీఆర్‌డీ కావచ్చు. మైకోప్లాస్మా అనే క్రిమి వల్ల వచ్చే మొండి జలుబు అది, గుడ్డులోంచి పిల్లకూ పోతుంది. ముఖం వాచి, కన్ను మూసుకుపోయి, ముక్కు దగ్గర కుళ్లు వాసన వస్తే కొరైజా అనే అంటు జలుబు అనుకోవచ్చు. నోట్లో పసుపుపచ్చ పొర కడితే కోడి అమ్మవారు, అంటే కోళ్లకొచ్చే మశూచి, గొంతులోకి దిగినట్టు. దాన్ని దోమలు మోసుకొస్తాయి. మెడ చాచి గాలి కోసం ఎగబడుతూ, ఆకుపచ్చ నీళ్ల రెట్ట వేస్తూ, రెండు మూడు రోజుల్లో మెడ తిరిగిపోతుంటే కొక్కెర తెగులును (రాణిఖేత్) అనుమానించాలి. బూజు పట్టిన ఊక, నూకల వల్ల ఊపిరితిత్తుల్లో బూజు చేరేదీ ఉంది. ఇవన్నీ కాక ఒట్టి ఘాటు కూడా ఉంటుంది. తడిసిన రెట్టలోంచి అమ్మోనియా లేస్తుంది. మనం నిలబడి చూస్తే తెలియదు. కోడి పడుకునే ఎత్తుకు ముక్కు పెట్టి చూడండి, కళ్లు మండితే రాత్రంతా అది పీలుస్తోంది అదే.

ఇక మిరియం సంగతి. మా అత్త మీద గౌరవం ఉంచుకునే చెబుతున్నా, మిరియం, పసుపు, తులసి ఏ క్రిమినీ చంపి కోడిని నిలబెట్టవు. దాణాలో కాస్త కలిపితే నష్టమూ లేదు. అసలు ప్రమాదం పోసే పద్ధతిలో ఉంది. కోడి నాలుక మొదట్లోనే, నోరు తెరిస్తే కనిపించేంత దగ్గరగా, ఊపిరి గొట్టం నోరు ఉంటుంది. ఆయాసంతో అది పదే పదే తెరుచుకుంటున్నప్పుడు మనం ముక్కు పట్టి ఉగ్గుగిన్నెతో కషాయం పోస్తే, సగం ఊపిరితిత్తుల్లోకే పోతుంది. ‘మందు పోసిన అరగంటకే పోయింది, దాని ఆయుష్షు అంతే’ అంటారు. చాలాసార్లు ఆయుష్షు తీసింది గిన్నే. సాంబ్రాణి పొగ, వేపాకు పొగ కూడా గురక పెట్టే కోడి ఉన్న గూట్లో వద్దు. దోమలకు వేయాలంటే కోళ్లను బయటికి తోలి, పొగ పోయాకే లోపలికి రానివ్వండి.

క్యాప్సూల్ ఇంతకంటే శాస్త్రీయంగా కనిపిస్తుంది కాబట్టి ఇంకా మోసం. కొక్కెర, అమ్మవారు, బర్డ్ ఫ్లూ వైరస్‌లు, వాటి మీద యాంటీబయాటిక్ పనిచేయదు. బూజుకూ ఘాటుకూ అసలే పనిచేయదు. పనికొచ్చేది సీఆర్‌డీకి, కొరైజాకు. అక్కడ కూడా మనం చేసేదేమిటి? మనుషుల టెట్రాసైక్లిన్ క్యాప్సూల్ విప్పి అందాజుగా మజ్జిగలో కలుపుతాం. పాలల్లోని కాల్షియం ఆ మందును పట్టేసుకుని ఒంటికి సరిగా అందనివ్వదు. రెండో రోజుకు గురక తగ్గిందని ఆపేస్తాం. క్రిమి మాత్రం లోపలే ఉంటుంది, చలి తగలగానే లేస్తుంది, ఈసారి ఆ మందుకు లొంగకపోవచ్చు. ఆ వారం పెట్టిన గుడ్డు పిల్లాడి పళ్లెంలోకే పోతుంది, అందులో మందు ఉందో లేదో ఎవరూ అడగరు. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను కోళ్లకూ పశువులకూ వాడకుండా 2019లో కేంద్రం నిషేధించింది మందుకు లొంగని క్రిములు పెరుగుతాయనే భయంతోనే.

కత్తి మాట తీసిపారేసేది కాదు. ముఖం వాచిన కొరైజా కోడి కోలుకున్నా చాలాకాలం జబ్బు మోస్తూ కొత్త కోళ్లకు అంటిస్తుంది. పదే పదే తిరగబెట్టే ఒక్కదాన్ని తీసేస్తే మిగతావి బతుకుతాయి. అయితే సంతలో అమ్మడం మాత్రం తప్పు, మన గూటి జబ్బును ఇంకో ఊరికి మోయడమే అది. ఒక్కటే కాకుండా, ఒకటి రెండు రోజుల్లోనే నాలుగైదు పడిపోతే, తలకాయ వాచి తురాయి నీలంగా మారితే, కత్తి ముట్టుకోవద్దు. 2024 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే పొదలకూరు మండలం చాటగొట్లలో, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో బర్డ్ ఫ్లూ బయటపడింది. బాగా ఉడికిన కూరలో ఆ వైరస్ బతకదు. ప్రమాదమంతా కోసేటప్పుడు, ఈకలు పీకేటప్పుడు. పిల్లల్ని దూరంగా ఉంచి వెంటనే పశువుల ఆసుపత్రికి చెప్పాలి.

చివరికి నేను గురక పెట్టే మూడింటిని గంప కింద వేరు చేసి, ఒకదాన్ని సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కాను. రానుపోను కోడి ఖరీదులో సగం అయింది, అది నిజమే. డాక్టరు ముందు అడిగింది గూడు గురించి. నీళ్లలో కలిపే మందు కొలతతో అయిదు రోజులకు రాసి, ఎన్నాళ్లు గుడ్లు తినకూడదో చెప్పారు. తడి ఊక మొత్తం తీసేసి పొడి ఊక పోశాం. రెండు కోలుకున్నాయి. మూడోది నెలకు మళ్లీ గురక పెట్టింది. మందు గడువు తీరిందని చూసుకుని దాన్ని కూరొండాం. కాబట్టి నన్నడిగితే డాక్టరే మేలు, కానీ ఒక్క కోడికి కాదు, మిగతా పదమూడింటికి. కోడి చచ్చిపోయినా వృథా కాదు. డాక్టరు కోసి చూస్తే జబ్బేమిటో తేలే అవకాశం ఉంది. రొయ్యల చెరువుల పుణ్యమా అని మన ఊళ్లలో థర్మాకోల్ పెట్టెలకు కొదవలేదు, కవర్లో చుట్టి ఐసులో పెట్టి అదే రోజు తీసుకుపోండి. ఫ్రీజర్‌లో గడ్డకట్టిస్తే పనికిరాదు. వెళ్లలేకపోతే సంచార పశువైద్య వాహనానికి 1962కు ఫోన్ చేయొచ్చు.

కొక్కెరకు మాత్రం ఈ నాలుగూ పనికిరావు, వచ్చాక చేసేదేమీ లేదు. టీకా ఒక్కటే. వారం పిల్లకు కంట్లో ఒక చుక్క లసోటా, ఎనిమిది వారాలు దాటాక రెక్క కింద ఆర్‌టూబీ సూది. ఆర్‌టూబీ ఘాటైన టీకా, చిన్న పిల్లలకు, అప్పటికే కునుకుతున్న కోళ్లకు వేస్తే అదే ముంచుతుంది. మాకు దొరికిన చిన్న సీసా వంద డోసులది, మా కోళ్లు పదమూడే. ఒక్కరమే కొంటే దండగ, కలిపిన టీకా ఒకటి రెండు గంటల్లో వాడేయాలి. అందుకని సంక్రాంతి ముందు మా వీధిలో తొమ్మిది ఇళ్లవాళ్లం కలిసి ఐసు ఫ్లాస్కులో సీసా తెప్పించి, తెల్లారకముందే కోళ్లు గూట్లో ఉండగానే వేయించాం. ఇంటికి ముప్పై రూపాయలు కూడా పడలేదు. అన్నిటికంటే ముందు గంప పట్టుకుని నిలబడింది మా అత్తే.