పాత అమెరికా రైళ్ల ఫోటోలు: నలుపు తెలుపా, రంగులా?

అమెరికా ఆవిరి రైళ్ల పాత ఫోటోలలో ఏవి గొప్పవి అని అడిగితే, చాలామందికి ముందు గుర్తొచ్చేవి నలుపు తెలుపు ఫోటోలే. అందుకు బలమైన కారణం ఫోటోగ్రాఫర్ ఓ. విన్‌స్టన్ లింక్. 1955 నుంచి 1960 దాకా ఆయన నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వే వెంట తిరిగాడు. మిగతా పెద్ద రైల్వేలన్నీ డీజిల్‌కు మారిపోతున్నా ఆ లైనులో ఇంకా ఆవిరి ఇంజిన్లే నడుస్తున్నాయి. వాటి చివరి రోజులవి.

లింక్ ఎక్కువగా రాత్రిపూట తీశాడు. పట్టాల పక్కన ఫ్లాష్ బల్బులు బిగించి, తీగలతో కలిపి, రైలు సరిగ్గా అనుకున్న చోటికి రాగానే అన్నీ ఒకేసారి వెలిగించేవాడు. పగలైతే ఆకాశంలో కలిసిపోయే ఆవిరి, వెనక చీకటి ఉండేసరికి తెల్లటి దూదికొండలా నిలబడుతుంది. ఇంజిన్ ఎలాగూ నల్లటిదే. రంగు లేనందువల్ల దానికొచ్చిన లోటేమీ లేదు.

ఇక రంగుల వైపు మరో ఫోటోగ్రాఫర్ జాక్ డెలానో. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1942-43లో, అమెరికా ప్రభుత్వం తరఫున షికాగో గూడ్స్ యార్డుల్లోనూ, అక్కడి నుంచి కాలిఫోర్నియా దాకా శాంటా ఫే లైనులోనూ తిరిగి ఫోటోలు తీశాడు. నలుపు తెలుపులో చాలా తీశాడు కానీ, నన్ను కట్టిపడేసినవి కొడాక్రోమ్ అనే కొడాక్ రంగుల ఫిల్ము మీద ఆయన తీసిన ఫోటోలు. ఆ ఫిల్ముకు వెలుతురు చాలా కావాలి, పరుగెత్తే రైలుని పట్టుకోవడం కష్టం. అందుకే వాటిలో వేగం కనబడదు. ఆగి ఉన్న ఇంజిన్లు, యార్డులో బారులు తీరిన పెట్టెలు, పనిచేసే మనుషులు కనబడతారు.

అసలు తేడా ఆ పెట్టెల దగ్గరే తెలుస్తుంది. నలుపు తెలుపులో గూడ్స్ పెట్టెలన్నీ ఒకటే బూడిదరంగు. రంగుల్లో చూస్తే తుప్పు ఎరుపు, వెలిసిపోయిన గోధుమరంగు, పళ్లూ కూరగాయలూ మోసే చల్లటి పెట్టెల పసుపు, నారింజ. ఏ పెట్టె కొత్తదో, ఏది ఏళ్ల తరబడి ఎండావానలకు నానిందో ఇట్టే తెలిసిపోతుంది. ఐయోవాలోని క్లింటన్ ఇంజిన్ షెడ్డులో పనిచేసిన ఆడవాళ్ల ఫోటోలు 1943 ఏప్రిల్‌లో తీసినవి. వాళ్ల తలగుడ్డల రంగులు చూస్తే, నిన్నగాక మొన్న తీసినట్టుంటాయి. కొడాక్రోమ్‌ను చీకట్లో భద్రంగా దాస్తే రంగు అంత తొందరగా పోదు. ఆ కాలపు వేరే రంగుల ఫిల్ములు చాలావరకు వెలిసిపోయాయి.

ఇంకో సంగతి. లింక్ ఫోటోల్లో బాగా పేరొచ్చినది, 1956లో కార్లలో కూర్చుని సినిమా చూసే చోట తీసినది. పక్కనే రైలు దూసుకుపోతుంటుంది. అందులో తెర మీద కనిపించే విమానం తర్వాత ప్రింటులో కలిపినది, ఎందుకంటే ఫ్లాష్ వెలుగుకి తెర మీది బొమ్మ పోయి అంతా తెల్లగా పడింది. ముందు కారులో ఉన్న జంటను కూర్చోబెట్టిందీ ఆయనే. దాన్ని నేను తప్పుపట్టను, అది ఆయన కళ.

కాబట్టి ఇంజిన్ గాంభీర్యం కావాలంటే లింక్‌కు సాటిలేదు. కానీ ఆ రైళ్లు రోజూ ఎలా ఉండేవో చూడాలని మనసు లాగితే నేను డెలానో రంగుల ఫోటోలే తెరుస్తాను. అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాటిని ఇంటర్నెట్‌లో ఉచితంగా, పెద్ద సైజులో అందుబాటులో ఉంచింది. దగ్గరికి జరిపి చూస్తే పెట్టెల మీద రైల్వేల పేర్లు కూడా చదవొచ్చు.