హిమాలయాలు చూడని బ్రహ్మకమలం

రెండేళ్ల కిందట కర్నూలు శివార్లలో ఒక నర్సరీలో 450 రూపాయలు పెట్టి బ్రహ్మకమలం మొక్క కొన్నాను. కుండీకి కట్టిన అట్టముక్క మీద ‘హిమాలయాల అరుదైన పువ్వు’ అని ఎర్రటి అక్షరాలు. “బదరీనాథ్ నుంచి తెప్పించామమ్మా” అన్నాడు అమ్మే అబ్బాయి, కన్నార్పకుండా.

నేను కేదారనాథ్ వెళ్లి వచ్చినదాన్ని. అక్కడ స్వామి మీద ఉంచిన బ్రహ్మకమలాన్ని పూజారి నా దోసిట్లో పెట్టారు. మొదట అది పువ్వంటే నమ్మలేదు. పసుపూ ఆకుపచ్చా కలిసిన పలుచని పొరలు, నూనె కాగితంతో కట్టిన పొట్లంలా ఉన్నాయి. వేలితో తొలగిస్తే లోపల ఊదారంగు చిన్న పూలు, గుత్తిగా. ఆ పొరలు రేకులు కావు, చలి నుంచి పూలను కాచే ఆకులు. చామంతి, బంతి, పొద్దుతిరుగుడు దాని చుట్టాలు. 3,000 మీటర్లు దాటిన కొండల మీద, వానాకాలంలో పూస్తుంది. ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం అదే. మన మే నెల ఎండకు కుండీలో అది బతుకుతుందా?

తెలిసి ఎందుకు కొన్నావని మా ఆయన ఇప్పటికీ అడుగుతారు. ఆశ, ఇంకేముంది!

నేను కొన్నది మాత్రం మెక్సికో వైపు నుంచి వచ్చిన, ముళ్లు లేని కాక్టస్. అయితే మొక్కకు వంక పెట్టలేను. తూర్పు వరండా నీడలో ఉంచాను. వేసవిలో కొద్దిగా పసుపెక్కింది, వానలకు తేరుకుంది. ఈ ఆగస్టులో రెండు మొగ్గలు వేసింది. రాత్రి తొమ్మిదికి విచ్చడం మొదలై, పదకొండుకు చిన్న పళ్లెమంత అయ్యాయి. వాసన మేడ మీదికి పాకింది. పక్కింటి వదిన కర్పూర హారతి పట్టుకొచ్చింది, నేనేమీ అనలేదు. తెల్లారేసరికి రెండూ మెడలు వాల్చేశాయి.

మొక్కకు ఐదు నక్షత్రాలు, అట్టముక్కకు సున్నా. ధర మాత్రం అన్యాయం. ఆకులా కనిపించే ఆ కాడను ఒక ముక్క విరిచి మట్టిలో గుచ్చితే చాలు, వేరు పడుతుంది. వదినకు అలాగే ఇచ్చాను.

మొన్న ఎరువు కోసం వెళ్లినప్పుడు అబ్బాయిని నిలదీశాను. “హిమాలయం అని రాయకపోతే ఎవరూ కొనరమ్మా” అని నవ్వాడు. అసలు పువ్వుకు చుట్టమైన చామంతి మొక్క అక్కడే, ఇరవై రూపాయలకు ఉంది. రెండు తెచ్చుకున్నాను.