అమలాపురం దాకా వచ్చి పియానో శ్రుతి చేసే సర్వీసు: చెవికి ఐదుకి ఐదు, సామానుకి రెండు

ముందే చెప్పేస్తే, శ్రుతి పని బ్రహ్మాండం, రిపేరు పని అంతంతమాత్రం. అమలాపురం, రాజోలు, నరసాపురం వైపు పిలిస్తే బయటి ఊరి నుంచి వచ్చే ట్యూనర్ గారి సర్వీసు ఇది. పియానో గ్రేడ్ పరీక్షలకి తయారయ్యే పిల్లలున్న ఇళ్లకీ, పాత అప్‌రైట్ (నిలువు పియానో) ఉన్న చర్చిలకీ పనికొస్తుంది.

రాగానే రెంచి పట్టుకోరు. పైబోర్డు, కిందిబోర్డు విప్పి టార్చి వేసి చూస్తారు. తీగలకి తుప్పు ఎంత పట్టింది, తీగ చుట్టిన పిన్ను తిప్పితే నిలుస్తోందా జారుతోందా, లోపల ఎలుక గూడు పెట్టిందా అన్నీ చూశాక, కీబోర్డు మధ్యలోని ఏ-4 స్వరం ఉండాల్సిన 440 హెర్ట్జ్‌ కంటే ఎంత దిగిందో కొలుస్తారు. ఏళ్ల తరబడి వదిలేసిన పియానో బాగా దిగి ఉంటుంది. దాన్ని ఒక్క దఫాలో పైకి లాగితే నిలవదు. సుమారు 220 తీగలు, అన్నిటి లాగుడూ కలిపితే టన్నుల లెక్క. ఒక పక్క బిగిస్తే సౌండ్‌బోర్డు (నాదాన్ని పెంచే చెక్క పలక) కిందికి నొక్కుకుని, అప్పటికే సరిచేసిన పక్క మళ్లీ దిగుతుంది. అందుకే మొదటి దఫా కావాలనే కాస్త ఎక్కువ లాగి, రెండో దఫాలో అసలు శ్రుతి చేస్తారు. తుప్పు పట్టిన తీగనైతే ముందు వెంట్రుకవాసి వదులు చేసి, పట్టు విడిచాకే బిగిస్తారు. ఈ ఓపిక లేనివాళ్ల చేతిలోనే తీగలు తెగేది.

మధ్య సప్తకంలో ఒక్కో స్వరానికి మూడు తీగలు. పొడుగాటి ఫెల్టు (అదిమిన ఉన్నిగుడ్డ) పట్టీ దూర్చి పక్కవాటి నోరు మూసి, నడిమి తీగనే పలికిస్తారు. మధ్య సి కి కిందనున్న ఎఫ్-3, ఏ-3 స్వరాలు కలిపి నొక్కితే నాదం సెకనుకి దాదాపు ఏడుసార్లు ఊగాలి, ఒక్కో మెట్టూ పైకి వెళ్లేకొద్దీ ఆ ఊగు వేగం సమంగా పెరగాలి. ఇదంతా యాప్ చూసి కాదు, చెవితోనే. అందుకే సీలింగ్ ఫ్యాను ఆపమంటారు. ఫ్యాను రెక్కలు కూడా నాదాన్ని ఊపుతాయి, ఏది తీగదో తెలియదు. చెమటలు పడతాయి, తప్పదు. ధనుర్మాసంలో అయితే గుడి మైకు ఆగాక రమ్మనండి.

వానాకాలంలో నొక్కిన కీ పైకి లేవకపోవడం ఇక్కడ ఇంటింటి గోల. కీలోని ఫెల్టు చెమ్మకి ఉబ్బి, కీని నడిపే పిన్నుని పట్టేస్తుంది. ఆ ఫెల్టుని ప్లయర్‌తో మెల్లగా నొక్కితే సరి, నిమిషం పని, ఆయన చక్కగా చేస్తారు. కుట్టుమిషన్ నూనె పోశారో, ఫెల్టు ఇంకా పాడవుతుంది. కీ లేచినా తీగని కొట్టే సుత్తి బద్ధకంగా వెనక్కొస్తుంటే తప్పు దాని ఇరుసు దగ్గర. అక్కడ తరచూ కొత్త సెంటర్ పిన్ను (ఇరుసు సూది) వేయాల్సి వస్తుంది. సర్వీసు తేలిపోయేది ఇక్కడే. ఆ పిన్నులు, జారే పిన్నుల చోట వేసే లావు సైజు ట్యూనింగ్ పిన్నులు, రాగి చుట్టిన బాస్ తీగలు వెంట తేరు. మళ్లీ వచ్చినప్పుడు తెస్తానంటారు, ఆ మళ్లీ వచ్చే ఏడాదికి! ఎడమ నుంచి లెక్కేసి ఏ నంబరు కీలో ఏం తేడా ఉందో ఫోటోలతో సహా ముందే వాట్సాప్ చేయండి.

"కీస్ ఇంకా తేలిక చేయండి" అని పిల్లలు అడిగితే ఒప్పుకోరు. ఆ మొండితనం సబబే. కెనడా పియానిస్టు గ్లెన్ గూల్డ్ 1964లో కచేరీలు మానేసి, ఆపైన 1982లో పోయేదాకా స్టూడియో రికార్డింగులతోనే పేరు నిలబెట్టుకున్నాడు. ఆయన ముచ్చటపడ్డ స్టైన్‌వే కంపెనీ పియానో సీడీ 318ని చూసుకున్న ట్యూనర్ వెర్న్ ఎడ్‌క్విస్ట్‌కి చూపు దాదాపు లేదు, చెవే ఆధారం. మరీ చురుగ్గా పలకాలని సర్దించుకున్న ఆ పియానో మధ్య స్వరాల దగ్గర ఎక్కిళ్లు పెట్టేది, ఒకసారి నొక్కితే రెండుసార్లు మోగినట్టు. గూల్డ్ వాయించిన బాఖ్ ఇన్వెన్షన్ల రికార్డులో అది వినిపిస్తుంది. ఆ పియానో 1971లో రవాణాలో కిందపడి దెబ్బతింది. 1981లో బాఖ్ గోల్డ్‌బర్గ్ వేరియేషన్లు మళ్లీ రికార్డు చేసింది యమహా పియానో మీద. ఒక్క వాద్యం మీదే అంత ఆధారపడ్డ మనిషికే సర్దుబాటు ఎక్కువైతే ఎక్కిళ్లు తప్పలేదు, గ్రేడ్ 3 పిల్లలకి ఫ్యాక్టరీ పెట్టిన కీ బరువు చాలు.

శ్రుతి నిలవాలంటే తుపాను వానలు వెనకబడ్డాక రెండు వారాలాగి పిలవాలి. క్రిస్మస్‌కని చర్చిలు కూడా అప్పుడే పిలుస్తాయి కాబట్టి దీపావళికే తేదీ ఖాయం చేసుకోండి. ఫీజు కంటే రానుపోను ఖర్చే బరువు. భీమవరంలోనో రాజమండ్రిలోనో ఇంకో రెండు పియానోలు కలిపి మాట్లాడితే తగ్గుతుంది. రాత్రి రెండు గంటలు ఏసీ వేసి ఆపేసే గదిలో పియానో పెట్టకండి. ఎప్పుడూ ఒకేలా ఉండే చెమ్మకంటే పూటపూటకీ మారే చెమ్మ ఎక్కువ చెరుపు. ముసురు రోజుల్లో కిందిబోర్డు లోపల, చెక్కకీ ఫెల్టుకీ తగలకుండా, తక్కువ వాట్ల పాతరకం బల్బు వెలిగించడం మంచి పద్ధతే. ఎల్ఈడీ అయితే వేడి చాలదు.

చాలా ఏళ్ల తర్వాత చేయించేవాళ్లు రెండో విడత కూడా ఇప్పుడే మాట్లాడుకోండి, మూడు నెలల్లోపు. కొత్తగా లాగిన తీగలు ఎలాగూ దిగుతాయి. కావాల్సిన పిన్నులు, తీగల కొలతలు మొదటి రోజే ఆయన చేత రాయించి అడ్వాన్సు ఇచ్చేయండి, లేకపోతే ఈసారీ ఉత్త చేతులతోనే వస్తారు.