గోనె సంచుల బేలు: అన్నీ చూడాలా, పదోవంతా, పట్టికా?

విజయనగరం జిల్లాలో రైసు మిల్లు నడిపేవారికి గోనె సంచి చిన్న వ్యవహారం కాదు. యాభై కిలోలు నింపి లారీకెత్తే వేళ కుట్టు ఊడితే బియ్యం నేలపాలు, కూలీల విసుగు అదనం. అందుకే బేలు, అంటే సంచుల పెద్ద మూట, దిగగానే తనిఖీ చేస్తారు. ఎన్ని సంచులు చూడాలన్న దగ్గరే పేచీ.

ప్రతి సంచినీ విప్పి చూడటమే క్షేమమని కొందరంటారు. ఒక్క బేలైతే నేనూ కాదనను: ఇద్దరు కూర్చుంటే 500 సంచులు తేలిపోతాయి. ఇరవై బేళ్లయితే ఆ మాట చెల్లదు. మధ్యాహ్నం దాటాక సంచి చేతిలో తిరుగుతుందే గాని కన్ను కుట్టు మీద నిలవదు. పైగా కుట్టు ఎంత బరువుకు తెగుతుందో తెలియాలంటే తెంపి చూడాల్సిందే. అన్నీ తెంపితే బియ్యం దేనిలో పోస్తారు?

ఇక పదోవంతు లెక్క. వినడానికి న్యాయంగానే ఉంటుంది గాని నాకు అన్నిటికంటే నచ్చనిది ఇదే. ఒక్క పాడు సంచి కనబడినా సరుకు వెనక్కి అని షరతు పెట్టుకున్నారనుకోండి. 50 సంచుల కట్టలో ఒకటి పాడైతే, 5 తీసి చూసినప్పుడు అది తప్పించుకునే అవకాశం నూటికి 90. 1,000 సంచుల్లో 20 పాడైతే, 100 తీసి చూసినప్పుడు ఒక్కటీ దొరక్కుండా పోయే అవకాశం నూటికి 12 మాత్రమే. రెండుచోట్లా పాడు నూటికి రెండే! కొంచెం తెచ్చినవాడు గట్టెక్కుతాడు, ఎక్కువ తెచ్చినవాడు మునుగుతాడు.

ఈ చిక్కు మీద అమెరికాలోని బెల్ టెలిఫోన్ లేబొరేటరీస్‌లో హెరాల్డ్ డాడ్జ్, హ్యారీ రోమిగ్ 1920లలోనే తలపట్టుకు కూర్చున్నారు. ఆ ఆలోచన నుంచి ఎదిగిన, ఎంత సరుకుకు ఎన్ని చూడాలో, ఎన్ని పాడైతే తిప్పి పంపాలో చెప్పే పట్టికలు మన దేశంలో ఐఎస్ 2500 ప్రమాణంలో ఉన్నాయి. నూటికి 2.5 వరకు లోపాన్ని ఓర్చుకుంటామంటే, మామూలు తనిఖీలో 500 సంచులకు 50 చూడాలి. పాడైనవి 3 దాకా ఉంటే తీసుకోవాలి, 4 దొరికితే తిప్పి పంపాలి. 10,000 సంచులకు వెయ్యి అక్కర్లేదు, 200 చాలు; 10 దాకా సరే, 11వది దొరికితే వెనక్కి. ఎన్ని చూశామన్నదే ముఖ్యం, మొత్తంలో అవి ఎన్నోవంతు అన్నది అంతగా కాదు.

అయితే పట్టికను వెనకేసుకొచ్చేవారు దాటవేసే సంగతి ఒకటుంది. 500లో 50 పాడైన బేలు కూడా ఈ పరీక్షలో ఇంచుమించు నాలుగుసార్లకు ఒకసారి నెగ్గుతుంది. పట్టిక బలం ఒక్క బేలులో లేదు, వరసగా వచ్చే సరుకులో ఉంది. వరసగా వచ్చిన ఐదు లాట్లలో (ఒక్కో దఫా తనిఖీకి వచ్చే సరుకు ఒక లాటు) రెండు తిరస్కారమైతే తనిఖీ బిగించాలి: అవే 50 సంచులు, కాని 2 దాకానే మాఫీ. మళ్లీ వరసగా ఐదు నెగ్గితేనే మామూలు తనిఖీ. ఈ బిగింపు పాటించనివారికి పట్టిక దండగ.

కాబట్టి ఏడాది పొడుగునా ఒకే జనపనార మిల్లు దగ్గర కొనేవారికి పట్టికే మేలు. సీజనుకోసారి ఎక్కడో ఒకచోట బేలు కొనేవారు అన్నీ విప్పి చూసుకోవడమే నయం. పట్టిక వాడేవారు సంచులు ఎంచే పని మాత్రం సరుకు తెచ్చినవాడికి అప్పగించకూడదు. పై వరస ఎలా పేర్చాలో అతనికి బాగా తెలుసు. కట్లు కోయించి, చీటీలు తీసి, వచ్చిన అంకెల ప్రకారం నడుమ నుంచీ అడుగు నుంచీ కూడా లాగించాలి.