పుట్టపాక నుంచి వాషింగ్టన్ లైబ్రరీ: ఎనిమిదేళ్లు వాడిన తర్వాత

మాది పుట్టపాక. పాత నల్గొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. ఇంట్లో రెండు మగ్గాలున్నాయి. నేను నేసేది తక్కువ, గ్రాఫ్ గీసేది ఎక్కువ. 2017లో హైదరాబాద్ నుంచి చీరలు కొనడానికి వచ్చిన ఒక షాపామె ఫోన్‌లో నీలం బట్ట ఫోటో చూపించింది. "ఇది జపాన్‌ది, కసూరి అంటరు. ఇట్లాంటిది మీ దగ్గర వస్తదా?" అని అడిగింది. పువ్వు అంచులు మసకగా, అచ్చం మన చిటికి పనే, ఇక్కత్ అంటారే అది. అక్కడ కూడా పోగులు కట్టి రంగు అద్దుతారని అప్పటిదాకా నాకు తెలియదు.

దగ్గర్లోని ఒక లైబ్రరీకి పోయి నేత డిజైన్ల మీద ఏమైనా ఉందా అని అడిగితే టైలరింగ్ నేర్పే పుస్తకం చేతిలో పెట్టారు. ఇక ఆ రాత్రి ఫోన్‌లోనే వెతుకుతూ పోతే తగిలింది వాషింగ్టన్‌లోని ఫ్రీర్, సాక్లర్ మ్యూజియం లైబ్రరీ. పూర్తిగా ఆసియా కళల కోసమే పెట్టిన లైబ్రరీ. ఎనిమిదేళ్లుగా వాడుతున్నా. అక్కడికి పోలేదు, పోతానన్న ఆశ కూడా లేదు. కాబట్టి ఇది ముందు ఫోన్‌లో, తర్వాత మేనల్లుడి పాత లాప్‌టాప్‌లో చూసినవాడి మాట.

దీని పుట్టుక ముందు చెప్తా. అది తెలియక నేను ఏడాది పాడు చేసుకున్నా.

చార్లెస్ లాంగ్ ఫ్రీర్ అని ఒకాయన. 1854లో పుట్టాడు. 14 ఏళ్లకే బడి మానేసి సిమెంట్ ఫ్యాక్టరీలో పనికి పోయాడు. తర్వాత డెట్రాయిట్‌లో రైలు డబ్బాలు తయారుచేసే కంపెనీతో బాగా సంపాదించాడు. 1899లో ఆ కంపెనీలన్నీ కలిసి ఒకటయ్యాక వ్యాపారం పక్కన పెట్టి, మిగతా జీవితమంతా కళావస్తువులు కొనడంలోనే గడిపాడు. 1906లో తన సేకరణంతా దేశానికి రాసిచ్చాడు. 1919లో చనిపోయాడు. గ్యాలరీ తెరిచింది 1923లో. సొంత పేరు పెట్టిన భవనంలోకి జనం రావడం ఆయన చూడలేదు.

ఆ ఇచ్చినదాంట్లోనే ఆయన చదువుకున్న పుస్తకాలు, పత్రికల సంచికలు, అమ్మకాల కేటలాగులు కలిపి నాలుగు వేల దాకా ఉన్నాయి. లైబ్రరీకి పునాది అదే. 1987లో పక్కన భూమి లోపల సాక్లర్ గ్యాలరీ కట్టాక లైబ్రరీ అందులోకి మారింది. ఇప్పుడు 80 వేలకు పైగా సంపుటాలున్నాయి. వాటిలో సగానికి దగ్గరగా చైనీస్, జపనీస్ భాషలవే. 2019 నుంచి ఆ రెండు గ్యాలరీలను కలిపి ఆసియా కళల జాతీయ మ్యూజియం అని పిలుస్తున్నారు.

ఇందులో నాకు పనికొచ్చిన ముక్క ఒకటుంది. అవి ఒక కొనుగోలుదారుడి పుస్తకాలు. చేతిలోకొచ్చిన గిన్నె నిజమైనదా కాదా, ఎంత పాతది, ఇంతకుముందు ఎంతకు పోయింది అని తేల్చుకోవడానికి పోగేసినవి. ఆయన మనసు కుండల మీద, మడత తెరల మీద, చిత్రాల మీద ఉండేది. 1894లో బయలుదేరిన మొదటి ఆసియా ప్రయాణంలో సిలోన్, ఇండియా, జపాన్ చూశాడు గానీ తర్వాత డబ్బు ఎక్కువగా జపాన్, చైనా వైపే పోయింది. అట్లాగని మనవి లేవని కాదు. అక్బరు దగ్గరి అబ్దుల్ రహీం ఖాన్-ఇ-ఖానాన్ బొమ్మలతో రాయించుకున్న పారశీ రామాయణాన్ని 1907లో కొన్నాడు. నేనేమో అక్కడ మా ఊరి ఇక్కత్ బట్ట తేలియా రుమాల్ కోసం దేవులాడాను. కంసాలి కొట్టుకు పోయి నూలు అడిగినట్టు.

నా ఏడాది పోయింది ఇట్లా. ఫ్రీర్ దగ్గరున్న జపాన్ బొమ్మల పుస్తకాలు వెయ్యికి పైగా సంపుటాలు స్కాన్ చేసి పెట్టారు. జపాన్ చిత్రకారుడు హోకుసాయ్ గీసినవి కూడా ఉన్నాయి. అవి చూస్తూ చూస్తూ ఈ మ్యూజియం ఏ సంస్థదో ఆ స్మిత్సోనియన్ లైబ్రరీలు పెట్టిన ఇంకొకటి పట్టుకున్నా. 1902 నాటి షిన్ బిజుత్సుకాయ్, కోరిన్ ఫురుయా సంపాదకుడుగా వచ్చిన డిజైన్ల పత్రిక. పేజీ పేజీకీ ఒక నమూనా. ఒకదాంట్లో అలలున్నాయి. ఒకదాని వెనక ఒకటి ఒంగి, మధ్యలో కాగితం తెలుపే నురగ. ఇది బట్ట నమూనాయే అనుకొని నేరుగా గ్రాఫ్ మీదికి ఎక్కించా.

మాది డబుల్ ఇక్కత్. పడుగూ (నిలువు పోగులు) కట్టాలి, పేకా (అడ్డ పోగులు) కట్టాలి, రెండింటి రంగూ మగ్గం మీద ఒకే చోట కలవాలి. గ్రాఫ్‌లో ఒక గడి అంటే పోగుల కట్ట ఒకటి. మా ఆవిడ ఆసు పోసింది, అంటే కట్టడానికి పోగులు చట్రం మీద పరిచింది, నేను సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలతో కట్టా. అద్దకం అయిపోయి, విప్పి, జానెడు నేశాక నాయిన వచ్చి చూశాడు. "అల గాదురా, మెట్లబావి తీసినవ్" అన్నాడు. నిజమే. వంపు వంపుగా రాలేదు, గడి గడికీ మెట్టు పడింది. గడి చిన్నది చేస్తే కట్లు రెట్టింపు, కూలి రెట్టింపు. ఆ పత్రిక గీసినవాళ్లకు ఈ బాధ లేదు. కాగితానికి పడుగూ పేకా ఉండవు. ఈ మాట నాకు మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

మరి ఎందుకు వదల్లేదంటే, ఖాళీ కోసం. తేలియా రుమాల్‌లో మేం గడి వదలం. ఎరుపు, నలుపు, తెలుపు, నాలుగు మూలలా నిండాల్సిందే. ఆ పుస్తకాల్లో ముప్పావు పేజీ ఊరికే వదిలేసి ఒక మూలన రెండు పిట్టలు పెడతారు. దాన్ని చూసి 2019లో ఒక చీర చేశా. కొంగులో మాత్రమే పని, ఒళ్లంతా సాదా. "సగం నేసి ఆపినట్టుంది" అని అమ్మ కట్టుకోలేదు. ఫోటో చూపించిన షాపామె అట్లాంటివే మూడు పట్టుకుపోయింది.

వాడేవాళ్లకు రెండు మాటలు. జపాన్ పుస్తకం కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, కంగారు పడొద్దు. ఫోన్‌లో వేళ్లతో పెద్దది చేసి చూస్తే కాదు, పీడీఎఫ్ దింపుకొని పెద్ద తెర మీద చూడాలి. పురుగు తిన్న బొక్కలు కూడా కనిపిస్తాయి. అమెరికా చట్టం ప్రకారం పాత పుస్తకాలకు అచ్చయిన తర్వాత 95 ఏళ్ల దాకా కాపీరైట్ ఉండొచ్చు. కాబట్టి ఇక్కడ కూర్చొని మొత్తం చదవగలిగేవి ఎక్కువగా పాతవే. కొత్తవాటికి కేటలాగులో పేరు చూసుకొని ఇంకెక్కడైనా వెతుక్కోవాలి. ఐదుకు నాలుగు ఇస్తా. ఆ తగ్గిన ఒకటి చట్టానికే.

2020 ఫిబ్రవరిలో స్మిత్సోనియన్ వాళ్లు 28 లక్షల బొమ్మలను ఎవరైనా, దేనికైనా, వ్యాపారానికైనా సరే వాడుకోవచ్చని వదిలారు. దాంతో నాకు టెన్షన్ పోయింది. కానీ ఒక ముల్లు మిగిలింది. అదే ఏడాది మా తేలియా రుమాల్‌కు జీఐ గుర్తింపు, అంటే ఈ ప్రాంతపు సరుకు ఇదేనని చెప్పే ముద్ర, వచ్చింది. మా డిజైన్‌ను మిల్లు బట్ట మీద ప్రింటు కొట్టి అమ్ముతుంటే కడుపు మండేవాళ్లం మేం. ఆ జపాన్ పత్రికవాళ్ల అలలను నేను మాత్రం ఏ అనుమతీ అడక్కుండా తీసుకుంటున్నా. నూరేళ్లు దాటినవి, చట్టం ఒప్పుకుంటుంది. నాయినతో అంటే "వాళ్లు ప్రింటు గొడుతున్నరు, నువ్వు కడుతున్నవ్" అన్నాడు. అది సమాధానమో, నన్ను ఊరుకోబెట్టడమో తెలియలేదు.

ఇప్పుడు మగ్గం మీద మళ్లీ ఆ అలలే ఉన్నాయి. ఈసారి వంపు జోలికి పోలేదు, మెట్లు మెట్లుగానే ఉంచి నురగ దగ్గర ఒక్క గడి వదిలేశా. ఇంకా రెండు గజాలు నేయాలి.